అక్కను అడగని ప్రశ్నలు

మా చర్మాసుపత్రిలో దాన్ని అందరూ విసనకర్ర అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పద్నాలుగేళ్లుగా దాని ఉద్యోగం ఒక్కటే. ముఖానికి పీల్ చేయించుకునేవాళ్ల తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవడం, మందు మండుతున్నంతసేపూ చేత్తో విసరడం, నోటితో కబుర్లు చెప్పడం. డాక్టరమ్మ బ్యాటరీతో తిరిగే చిన్న పంకాలు రెండు కొన్నది. అవి సొరుగులో పడి ఉన్నాయి. వచ్చినవాళ్లకు దీని గాలే కావాలి. గాలికంటే దానితోపాటు వచ్చే కబుర్లే వాళ్లకు ఎక్కువ పనిచేస్తాయని నా అనుమానం.

నేను రిసెప్షన్ బల్ల దగ్గర ఉంటాను. నాకు కోపం ఎక్కువ, నోరు పెద్దది అని పేరు. ఉండనీ. ఇంతమంది చేత ఫారాలు నింపించి, వరసలో కూర్చోబెట్టి, ఒక్కొక్కళ్లనే లోపలికి పంపాలంటే చిన్న నోరు చాలదు.

పీల్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ముఖం శుభ్రం చేసి డాక్టరమ్మ బ్రష్షుతో యాసిడ్ పూస్తుంది. మూడు నిమిషాలు ఉంచి, సోడా కలిపిన నీళ్లతో దాని బలం విరిచేస్తుంది. వారం రోజుల్లో పైపొర పొట్టులా రాలిపోతుంది, కింద కొత్త చర్మం వస్తుంది. చెప్పడానికి ఇంతే. ఆ మూడు నిమిషాలూ మాత్రం ముఖం మీద ఎవరో మిరపకాయలు నూరుతున్నట్టు ఉంటుంది. కాళ్లు తన్నుకునేవాళ్లున్నారు, దేవుళ్లను తిట్టేవాళ్లున్నారు, మొగుణ్ని తిట్టేవాళ్లయితే కోకొల్లలు.

విసనకర్ర వాళ్లను మాటల్లో పెడుతుంది. "ఇప్పుడు చీమలు పాకుతాయి. పాకనివ్వండి, పోతాయి. ఊపిరి బిగబట్టకండి. పదిలో ఎంత మంట? నాలుగా? నాలుగుకే ఇంత గోలా, మొన్నొకావిడ ఐదు దాకా పాట పాడింది." ఆరు అంటే గంట కొడుతుంది. పక్క గదిలో ఉన్న డాక్టరమ్మ వచ్చేస్తుంది. ఇంటికెళ్లాక కూడా వాళ్లను వదలదు. తెల్లారగానే ఫోన్లు మొదలు. గోళ్లు కత్తిరించుకున్నారా? వెల్లకిలా పడుకున్నారా? చల్లటి తడిగుడ్డ అద్దారా, రుద్దారా? పొట్టు లేస్తుంటే పీకాలని చెయ్యి పోతుంది, పోనిస్తే మచ్చపడుతుంది, రాత్రి చేతులకు మేజోళ్లు తొడుక్కుని పడుకోండి. పొయ్యి దగ్గరికి వెళ్లకండి. ఎండలోకి వెళ్లకండి. ఒక ముసలాయన దీని ఫోనుకు భయపడి నంబరే మార్చేసుకున్నాడు.

దాని కాళ్లూ చేతులూ ఒకచోట ఉండవు. భోజనానికి కూర్చున్నా ఒక చెయ్యి గాలి విసురుతూనే ఉంటుంది. పక్కన కూర్చుంటే నాకు తల తిరుగుతుంది.

వాళ్లక్క ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. తల్లి పోయేనాటికి విసనకర్రకు ఎనిమిదేళ్లు, అక్కకు పదిహేడు. అప్పటినుంచి ఇరవై ఎనిమిదేళ్లుగా అక్క ఆవిరిపెట్టె ముందే ఉంది. పెళ్లి మాట ఎత్తితే ముందు దీని చదువు కానివ్వమంది. చదువయ్యాక దీని పెళ్లి కానివ్వమంది. అదీ అయ్యాక అడిగేవాళ్లు లేకపోయారు. ఆ ఆవిరికి, ఆ వేడికి రెండు బుగ్గల మీదా మంగు పట్టింది. మసిచేతులు ఎవరో ఆనించి తీసినట్టు కనిపించేది.

"ఊళ్లోవాళ్ల ముఖాలన్నిటికీ విసిరాను వదినా. మా అక్క ముఖం మాత్రం అలాగే ఉంది. దీపం కింద చీకటంటే ఇదే," అని విసనకర్ర నా దగ్గర రెండేళ్లు వాపోయింది. నన్ను వదినా అంటుంది, వరసేమీ లేదు, చనువు. రెండేళ్లూ అక్కను పోరింది. "ఈ వయసులో నాకు కొత్త ముఖమెందుకే, ఎవరు చూడాలి?" అనేది ఆమె. చివరికి ఒక సోమవారం వచ్చింది. నస భరించలేక వచ్చానని నాతోనే అంది.

మడత నలగని చీర కట్టుకుని, అరగంట ముందే వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. నడిచి వచ్చిందిగదా అనుకున్నాను.

ఇక్కడ ఫారం సంగతి చెప్పాలి. లోపలికి వెళ్లేముందు ఏడు ప్రశ్నలుంటాయి. ఈ వారంలో ముఖం గట్టిగా రుద్దారా? ఏవైనా క్రీములు వాడారా? జ్వరం వచ్చిందా? ఇలాంటివే. ఒక్కొక్కటీ చదివి, మనిషి ముఖంలోకి చూసి అడిగి రాయాలి. ఎందుకంటే మనవాళ్లు చల్లకొచ్చి ముంత దాచే రకం. రుద్దిన చర్మంలోకి యాసిడ్ లోతుగా దిగుతుంది. అది తెలియక దాస్తారు. ఫారం లేకుండా మంత్రిగారి భార్య వచ్చినా నేను లోపలికి పంపను.

ఆ రోజు విసనకర్ర నా చేతిలోంచి ఫారం లాక్కుని, ఏడింటికీ 'లేదు' అని గీతలు గీసుకుంటూ పోయింది.

"అడిగి రాయవే," అన్నాను.

"మా అక్కను నేనడగాలా వదినా? కళ్లు తెరిచినప్పటినుంచీ చూస్తున్నాను. సబ్బు తప్ప ఇంకోటి ఎరగదు."

నా నోరు పెద్దదన్నాను కదా. ఆ పూట మూతపడింది. ఫారం మీద ముద్ర కొట్టి లోపలికి పంపాను.

తలుపు దగ్గరగా వేశారు గాని మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. అక్క బల్ల మీద పడుకోవడం, తను పక్కన కూర్చోవడం విసనకర్రకు జీవితంలో అదే మొదటిసారేమో, నోరు మామూలుకంటే రెండింతలు ఆడుతోంది. చిన్నప్పటి ఇంటిగలావిడ గురించి, ఆవిడ పిల్లి గురించి, ఆ పిల్లి ఎత్తుకెళ్లిన చెప్పు గురించి. మధ్యలో, "ఎంతక్కా?"

"ఏముందే, ఒకటి."

మళ్లీ పిల్లి. మళ్లీ చెప్పు. "ఇప్పుడెంత?"

"ఒకటే. నువ్వు చెప్పు."

మూడు నిమిషాలకు గడియారం మోగింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇదేంటి!" అన్న గొంతుకు నేను కుర్చీలోంచి లేచాను. కుడి బుగ్గ ఎముక మీద చర్మం సుద్దలా తెల్లబడిపోయింది. సోడానీళ్లు ఒకసారి కాదు, నాలుగుసార్లు పోశారు.

"మండలేదా అమ్మా?"

"అబ్బే, లేదమ్మా. చల్లగానే ఉంది."

డాక్టరమ్మ విసనకర్రకేసి చూసింది. "తెల్లబడుతుంటే నువ్వేం చూస్తున్నావు?"

"ఒకటి అంది మేడమ్," అంది విసనకర్ర. దాని చెయ్యి ఇంకా విసురుతూనే ఉంది. డాక్టరమ్మ ఫారం తెప్పించి చూసింది. అన్నీ 'లేదు'లే. ఆయింట్‌మెంట్ రాసిచ్చి, వారం రోజులు ఇస్త్రీ జోలికి పోవద్దని, వేడి తగిలినా, పుండు పట్టినా ఆ మచ్చ జన్మకు పోదని, రోజూ వచ్చి చూపించుకోవాలని చెప్పి పంపింది.

అసలు సంగతి ఆ సాయంత్రం అక్కను ఇంట్లో దింపినప్పుడు బయటపడింది. స్నానాలగదిలో తీగ మీద ఒక గరుకు గుడ్డ ఆరుతోంది.

"ఇదెందుకక్కా ఇక్కడుంది?"

"నిన్న రెండుసార్లు, పొద్దున ఒకసారి ముఖం బాగా తోముకున్నానే. అంత పెద్ద డాక్టరు నా ముఖం ముట్టుకుంటుందంటే మురికిగా ఎలా వస్తాను? నీ పరువేం కాను?"

మర్నాడు విసనకర్ర ఇది నాకు చెబుతూ నవ్వబోయి ఏడ్చేసింది. లాండ్రీకి వేసే బట్టలు ఇంట్లో ఉతికి మరీ పంపేవాళ్లుంటారట, వాళ్లను చూసి తెగ నవ్వేది అక్కేనట. ఒక్క ప్రశ్న నోరు తెరిచి అడిగి ఉంటే అక్క దాచేది కాదు, గొప్పగా చెప్పుకునేది. నాకు ఒళ్లు మండింది. దాని మీద కొంత, నా మీద ఎక్కువ.

అక్క మంగళవారం చూపించుకోవడానికి రాలేదు. ఫోను చేస్తే "బాగానే ఉందే" అని పెట్టేసింది. విసనకర్ర పని మధ్యలో పరుగెత్తింది. గది తలుపు లోపల గడియ. "పడుకున్నాను, పోవే," అంది అక్క గొంతు. బుధవారం మళ్లీ వెళ్తే బయట తాళం. లాండ్రీకి వెళ్లి ఎదుటి అరుగు మీంచి చూసింది. ఇస్త్రీ గది కిటికీలోంచి అక్క కనిపించింది. కళ్లు మాత్రం వదిలి ముఖమంతా తువ్వాలు చుట్టుకుని, ఆవిరిలో నిలబడి దుప్పట్లు రుద్దుతోంది. ఇది రోడ్డు దాటి లోపలికి వెళ్లేలోగా వెనక తలుపులోంచి వెళ్లిపోయింది. నలభై అయిదేళ్ల మనిషి చెల్లెలితో దాగుడుమూతలు.

ఆ మూడు రోజులూ మా క్లినిక్‌లో ఎవరూ స్థిమితంగా లేరు. విసనకర్ర కాలుగాలిన పిల్లిలా నా బల్లకూ, పీల్ గదికీ, వీధి గుమ్మానికీ తిరిగింది. ఫోను మోగితే దూకేది. ఒకావిడకు విసురుతూ విసురుతూ మధ్యలో ఆపేసి శూన్యంలోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ "అమ్మాయ్, గాలి!" అని అరిచింది. ఎవరికైనా పొట్టు లేచిందని ఫోనొస్తే ఏం చెప్పాలో తెలిసిన మనిషి, సొంత అక్క బుగ్గ మీద ఏం లేచిందో తెలియక తన గోళ్లు తను కొరుక్కుంది. నాకూ కూర్చోబుద్ధి కాలేదు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా ఆమేనేమో అని తలెత్తేదాన్ని. వచ్చినవాళ్ల మీద ఊరికే కసిరేదాన్ని. ఒకాయన, "నేను కుర్చీయే కదమ్మా అడిగాను," అన్నాడు పాపం.

గురువారం మధ్యాహ్నం విసనకర్ర లోపలున్నప్పుడు రిసెప్షన్ ఫోను మోగింది. వాళ్లక్క.

"అమ్మాయ్, నేను ఫోను చేశానని దానికి చెప్పకు. డాక్టరమ్మ మా చిన్నదాన్ని ఏమైనా అందా? పన్లోంచి తీసేయదు కదా?"

"మీరు ముందు రండి. బుగ్గ ఎలా ఉంది?"

"దానికేం, బ్రహ్మాండంగా ఉంది. దాని తప్పేం లేదని చెప్పు. దాన్నేమైనా అంటే మాత్రం నేను ఊరుకోను," అని పెట్టేసింది.

అప్పుడు అర్థమైంది నాకు. పుండు చూపిస్తే చెల్లెలి ఉద్యోగానికి ముప్పని ఆమె దాక్కుంటోంది. నిజం చెబితే తన ఉద్యోగం పోతుందని ఇది నోరు నొక్కుకుంది. ఇద్దరూ కలిసి ఆ బుగ్గను కుళ్లబెడుతున్నారు. ఇంత ప్రేమను ఏ గంగలో కలపాలి?

విసనకర్ర బయటికి రాగానే చెయ్యి పట్టుకుని నిలబెట్టాను. ఫోను సంగతి చెప్పాను. చెప్పవద్దన్నది చెప్పడం తప్పే, చేశాను.

"లోపలికి వెళ్లి ఆ ఫారం నువ్వే నింపావని డాక్టరమ్మకు చెప్పు."

"తీసేస్తారు వదినా."

"తీసేస్తే తీసేస్తారు. చెప్పకపోతే మీ అక్క తలుపు తియ్యదు. ఎంచుకో."

గుమ్మం దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. మంచినీళ్లు తాగింది. చివరికి నేను ముందు నడిచి తలుపు తోశాను. అది ఒక్క గుక్కలో చెప్పేసింది. ఫారం, గరుకు గుడ్డ, కబుర్లలో పడి బుగ్గకేసి చూడకపోవడం, అన్నీ. నేను కూడా, "చూస్తూ ముద్ర కొట్టింది నేనే మేడమ్," అన్నాను. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ముందు ఆమెను తీసుకురండి. మీ ఇద్దరి సంగతి తర్వాత."

ఇద్దరం వెళ్లాం. అక్క అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, లోపల చెప్పుల చప్పుడు వినిపించింది.

"అక్కా, డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. నిన్ను అడక్కుండా నేనే రాశానని చెప్పేశాను. ఇంక నువ్వు దాచాల్సిందేం లేదు. తలుపు తియ్."

విసనకర్ర తలుపు మీద నుదురు ఆనించి నిలబడింది. తర్వాత గడియ తీసిన చప్పుడు.

తువ్వాలు తీసిన ముఖం చూసి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. బుగ్గ మీద అరచేతంత నల్లటి పక్కు, అంచుల్లో పసుపు తడి, కన్ను సగం మూసుకుపోయింది. గది మాత్రం అద్దంలా ఉంది. మంచం మీద రెండు దిండ్లు ఎత్తుగా వేసి ఉన్నాయి. పక్కన మేజోళ్ల జత. మా క్లినిక్‌లో ఇచ్చే జాగ్రత్తల కాగితం గోడకు అంటించి ఉంది. గోళ్లు మాంసం దాకా కత్తిరించుకుంది. చెల్లెలు చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేసింది, పని మానడం, చూపించుకోవడం తప్ప.

"తిట్టిందా?" అని అడిగింది అక్క.

"నడువు," అంది విసనకర్ర.

క్లినిక్‌లో అక్కను అదే బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ దీపం దగ్గరికి లాగి, పక్కు చుట్టూ తుడిచి, సన్నటి పుల్ల చివర దూదితో బుగ్గ మీద మెల్లగా నొక్కింది.

"ఇక్కడ నొప్పుందా?"

"లేదమ్మా."

"ఇక్కడ?"

"లేదు."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ లేదు. పుల్ల కింద పెట్టి, మా ఇద్దర్నీ చూసి, నెమ్మదిగా చెప్పింది. "నొప్పి తెలిస్తే పైన మాత్రమే కాలినట్టు. చర్మం బతికే ఉంది, మానుతుంది. అసలు తెలియడం లేదంటే లోతుకు దిగింది. పెద్దాసుపత్రికి రాయాలి. తొడ మీంచి చర్మం తీసి అతికించాల్సి రావచ్చు."

విసనకర్ర స్టూలు మీంచి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. దాని చెయ్యి విసరడం ఆగిపోయి ఉంది. పద్నాలుగేళ్లలో నేను చూసిన ఎంతోమందిలో ఎవరికైనా నొప్పి ఉండాలని కోరుకోవడం నాకు అదే మొదటిసారి.

అది వంగి, అక్క చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "అక్కా, నీకు దండం పెడతాను. ఇన్నాళ్లూ నువ్వు లేదంటే లేదనుకున్నాను. అడగడం కూడా మానేశాను. ఈ ఒక్కసారి నిజం చెప్పు. నాకేం కాదు. నొప్పుందా?"

అక్క కప్పుకేసి చూసింది. డాక్టరమ్మ దూది మళ్లీ ఆనించింది.

"అమ్మో! తియ్యమ్మా, తియ్యి! ప్రాణం పోతోంది!"

విసనకర్ర గట్టిగా నవ్వేసింది. ముక్కూ కళ్లూ ఏకమై కారుతున్నాయి, ఆ నవ్వు ఆగలేదు. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, "మానుతుంది," అంది. ఆ మాట నాకు వినబడింది గాని, అక్కకు వినబడలేదు. ఆమె అప్పటికే మొదలుపెట్టేసింది.

"నవ్వుతావేంటే! ఆ రోజు కూడా కొరకంచు పెట్టినట్టు మండింది. చెబుదామంటే వసపిట్టలా ఆ పిల్లి, ఆ చెప్పు! సందెక్కడిచ్చావ్? మూడు రాత్రులు కూర్చునే నిద్రపోయాను. కూర్చుంటే మెడ, లేస్తే మోకాళ్లు. మోకాళ్లు ఇప్పటివా, ఆరేళ్లయింది. నీ పరీక్షల రోజున ఆవిరి గొట్టం పగిలి మోచెయ్యి ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా ఒలుచుకుపోయింది, చూశావా ఎప్పుడైనా? పొడుగుచేతుల రవికలంటే ఇష్టమనుకున్నావు. నీ పెళ్లిలో పంటినొప్పి, మూడు రోజులు, నవ్వుతూ నిలబడ్డాను..."

డాక్టరమ్మ పుండుకు మందు రాసి, కట్టు కట్టింది. వారం పని బంద్ అని కాగితం రాసింది. విసనకర్రతో నెల రోజులు ఈ గదిలోకి రావద్దనీ, నాతో ఇకపై ఫారాలు తానే చూస్తాననీ చెప్పి వెళ్లిపోయింది. బయట నలుగురు ఎదురుచూస్తున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తున్నాను.

అక్క ఇంకా చెబుతూనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లవి ఉన్నాయి. విసనకర్ర స్టూలు దగ్గరికి జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, "ఇంకా ఏముందక్కా?" అని మాత్రం అడిగింది.